గుల్ల నేల, పన్నెండు రాళ్ళు

పారలూ తట్టలూ పెట్టుకునే చెక్క కొట్టుకు పునాది దేనికని నవ్వేవాళ్ళుంటే నవ్వుకోండి, నాకేం. కురవింద రాజ్యంలో కూడా మొదట అందరూ నవ్వారు. ఆ కొట్టు కట్టబోయి ముగ్గురు వడ్రంగులు వరసగా తలలు పోగొట్టుకున్నాక నవ్వులు ఆగిపోయాయి.

సంగతేమిటంటే, రాజుగారు మంచాన పడి ఏడాది దాటింది. పెద్ద రాకుమారుడు జయంధరుడు ఎనిమిది నెలల కిందట అంతఃపుర ఉద్యానంలోకి నడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ఇక రాజ్యంలో పెత్తనమంతా రాజగురువు కాకోలుడిదే. పేరుకు గురువే గానీ పచ్చి మాంత్రికుడు. ఆ ముక్క అందరికీ తెలుసు, అనే దమ్ము ఎవరికీ లేదు. అలాంటివాడికి ఉన్నట్టుండి తోటపని మీద మోజు పుట్టింది. ఉద్యానం నడిబొడ్డున చెక్క కొట్టు కావాలన్నాడు. ఐదు రోజుల్లో కట్టాలి. ఐదో రోజు పొద్దు గుంకేవేళ కొట్టు నేల మీద అంచుదాకా నీళ్ళు పోసిన కంచు గిన్నె పెడతాడు. చుక్క ఒలికితే కట్టినవాడి తల ఒలుకుతుంది. ఇప్పటికి మూడు కొట్లు ఒరిగాయి, మూడు తలలు రాలాయి.

నాలుగో వడ్రంగిగా వచ్చినవాడు తన పేరు సింగోజు అని చెప్పుకున్నాడు. అసలు పేరు కుముదకేతుడు, జయంధరుడికి సొంత తమ్ముడు. పన్నెండేళ్ళు దూరదేశంలో విలువిద్య నేర్చుకుంటూ ఉండిపోయాడు గనక కోటలో అతని ముఖం ఎరిగినవాళ్ళు లేరు. అన్న మాయమైన తోటలోకి బయటి మనిషిని రానిచ్చేది ఈ ఒక్క పనికే అని తెలిసి, పది రోజులు ఎవరి కొట్టంలోనో రంపం లాగి, చెవిలో బొగ్గుపుల్ల పెట్టుకుని, చెక్క చెక్కే బాడిస భుజాన వేసుకుని వచ్చేశాడు. పది రోజుల్లో వడ్రంగం వచ్చేస్తుందా అని అడక్కండి. రాలేదు.

ఉద్యానం మాత్రం కళ్ళు చెదిరేలా ఉంది. చలువరాతి మెట్ల మీదుగా దిగితే రెండు పక్కలా పొగడలూ సురపొన్నలూ బారులు తీరి నిలిచాయి. మాధవీలతలు అల్లుకున్న పొదరిళ్ళు, కెంపు వన్నె కలువలు పరుచుకున్న కొలను, ఆ కొలను నుంచి పాదుపాదుకూ పారే సన్నటి కాలువలు, పుప్పొడి రాలి పసుపు పూసినట్టున్న దారులు. ఇంద్రుడు చూస్తే ఈర్ష్యపడే తోట. కానీ ఇన్ని పూల మీద ఒక్క తుమ్మెద లేదు. ఇన్ని కొమ్మల్లో ఒక్క పిట్ట లేదు. కాపలా భటులు కూడా ప్రహరీ బయటే ఉంటారు తప్ప లోపలికి కాలు పెట్టరు.

కాకోలుడు తానే వచ్చి చోటు చూపించాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట మాత్రం వెన్నలా ఉంటుంది. "నాలుగు మేకులు పాతించాను. కొట్టు వాటి మధ్యనే లేవాలి. జానెడు అటూ ఇటూ జరిగినా ఒప్పుకోను. ఈ తోటలో ఉన్న రాయి ఒక్కటి కూడా ముట్టుకోకూడదు. మిగతాది నీ ఇష్టం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేల గట్టిపరచడానికి పద్నాలుగు మంది కూలీలను ఇచ్చారు. వాళ్ళ మేస్త్రి తిప్పవ్వ. డెబ్బై ఏళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. కోట గోడల కింద నేలంతా ఆమె, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి దిమ్మిస కొట్టి గట్టిపరచిందే. దిమ్మిస అంటే తెలుసుగా, పిడి ఉన్న బరువైన కొయ్య మొద్దు. దాన్ని ఎత్తి ఎత్తి నేల మీద వేసి మట్టిని అణగగొట్టడమే వాళ్ళ బతుకుతెరువు. ఆమె ముగ్గురు కొడుకుల్లో ఇద్దరు జ్వరాల్లో పోయారు, మిగిలిన ఓబులేసు ఆ పద్నాలుగు మందిలో ఒకడు.

కుముదకేతుడు తన పనితనం చూపిద్దామని గొయ్యి తీసి, మొదటి గుంజ ఆర్భాటంగా ఎత్తి అందులో దించాడు. తిప్పవ్వ వక్క నములుతూ చూసింది. దగ్గరికి వచ్చి గుంజను కిందినుంచి పైదాకా అరచేత్తో నిమిరింది.

"మీ నాయన ఏం పని చేస్తాడు నాయనా?"

"వడ్రంగమే అవ్వా."

"అబద్దం. చెట్టు ఎట్టా నిలబడిందో గుంజ అట్టా నిలబడల్ల. మొదలు కింద, కొస పైన. నువ్వు తలకిందులుగా దించినావు. వడ్రంగోళ్ళ ఇండ్లల్లో పాలు తాగే బిడ్డకి తెలిసిన సంగతి ఇది."

కుముదకేతుడి చెయ్యి పనిముట్ల సంచిలోకి పోయింది. అందులో ఉలి కింద బాకు ఉంది.

"దాన్ని తియ్యబాకు. నేను అరిచేదాన్నే అయితే ఈపాటికి అరిచుందును" అంది తిప్పవ్వ, గొంతు తగ్గించి. "నువ్వెవురో నాకు అక్కరలేదు. అయితే ఒక చిత్రం చెప్తా విను. నీ కంటే ముందు వచ్చిన ముగ్గురూ అసలు సిసలు వడ్రంగులు. తాతల నాటి నుంచి అదే పని. వాళ్ళు నాటిన గుంజల మొండేలు ఇంకా ఈ మట్టిలోనే ఉండాయి, పోయి సూడు. ముగ్గురూ తలకిందులుగానే నాటినారు. సన్నటి కొస రేగడి మట్టిలో దిగిపోతాది, కొట్టు ఒరుగుతాది. ఒకడు మరిచినాడంటే నమ్ముతా. ముగ్గురికి ముగ్గురూ మరిచినారా?"

అతను పార అందుకుని తవ్వి చూశాడు. నిజమే. పన్నెండు మొండేలు, పన్నెండూ తలకిందులే. తెలిసి తెలిసి ముగ్గురు మనుషులు తమ తల తెగే కొట్టు కట్టుకున్నారు. ఎందుకు?

"నేలనే అడుగుదాం" అంది తిప్పవ్వ.

నేలను అడిగే పద్ధతి వాళ్ళకొకటి ఉంది. మోకాటి లోతున గొయ్యి తీస్తారు. తీసిన మట్టిని మళ్ళీ అదే గోతిలో పోస్తారు. మట్టి మిగిలితే మంచి నేల, సరిపోతే పరవాలేదు, తక్కువైతే అక్కడ కోడిగూడు కూడా కట్టకూడదు. కాకోలుడు పాతించిన మేకుల వరసలో నాలుగు మూలలా నాలుగు గోతులు తీశారు. నాలుగు చోట్లా మట్టి మిగిలింది. మధ్యలో ఐదో గొయ్యి తీశారు. పోసిన మట్టి పోసినట్టే మాయమైంది. ఐదు తట్టలు తవ్వితే ఐదూ పోసినా గొయ్యి నిండలేదు. పక్కనుంచి మూడు తట్టలు తెచ్చి పోస్తే అదీ పోయింది.

తిప్పవ్వ దిమ్మిస ఎత్తి ఆ చోట వేసింది. డొల్ల చప్పుడు వచ్చింది. అప్పుడు కింది నుంచి ఎవరో బదులు కొట్టారు.

కూలీలు నాలుగడుగులు వెనక్కి వేశారు. తిప్పవ్వ మళ్ళీ రెండు దెబ్బలు వేసింది. కింద రెండు వినిపించాయి. నాలుగు వేస్తే నాలుగు. కుముదకేతుడు ఆలస్యం చెయ్యలేదు. కణుపులు తొలిచిన వెదురు బొంగు ఒకటి తీసుకుని గోతిలో నిలబెట్టి, బాడిస మడమతో కొట్టి కొట్టి నిలువునా దించాడు. నిలువెత్తు లోతున అప్పటికే బీటలిచ్చిన పెంకులాంటిదేదో పెళుసుగా పగిలి, బొంగు శూన్యంలోకి జారింది. అతను బోర్లా పడుకుని బొంగుకు చెవి ఆనించాడు.

"నాలుగో వడ్రంగివా?" అంది ఒక గొంతు. బొంగురుపోయి, ఎక్కడో నూతి అడుగునుంచి వస్తున్నట్టుంది. "అయితే గుంజలు సరిగ్గా నాటు నాయనా. నా కోసం ఇంకెవరూ చావద్దు."

"అన్నా" అన్నాడు కుముదకేతుడు. వీరుడని పేరున్నవాడు మట్టిలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఏడవకేం చేస్తాడు?

"కేతూ, నువ్వెందుకు వచ్చావురా" అంది గొంతు. తర్వాత జయంధరుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

కాకోలుడు అతన్ని ఈ గోతిలో నిలబెట్టి, ఆకలికి ప్రాణం పోకుండా మంత్రించి, పైన కాల్చిన మట్టితో మూత వేశాడు. ఆ మూత అతని రెండు అరచేతుల మీదే ఆగి ఉంది, ఇందాక బదులు కొట్టింది తలతో. చేతులు దించితే మూతా దానిపై మట్టీ అతని మీదే కూలుతాయి. మనుషుల చేత్తో కట్టిన ఇల్లు ఒకటి ఆ మూత మీద బరువు మోపి నిలబడాలి. ఐదో రోజు పొద్దు గుంకేసరికి అందులో ఒక మనిషి కూర్చుని ఉండాలి. అప్పుడు జయంధరుడు నిలువునా రాయైపోతాడు. అతను బతకవలసిన ఏళ్ళన్నీ కాకోలుడికి చేరతాయి. మేడ కట్టిస్తే మంత్రులు ఎందుకని అడుగుతారు. పారలు పెట్టుకునే కొట్టు గురించి ఎవరడుగుతారు? ఒరిగిన ఇల్లు శాస్త్రానికి ఇల్లు కాదు. అందుకే ఆ గిన్నె, ఆ నీళ్ళు.

"రాత్రివేళ నేలకు చెవి ఆనించిన ఆ ముగ్గురితోనూ మాట్లాడాను. ముగ్గురూ నాకు చెప్పే తలకిందులుగా నాటారు" అన్నాడు జయంధరుడు. "కానీ ఒరిగేదాకా ఆ కొట్ల బరువు నా మీద ఉంటుంది కదా. మొదటిసారి పాదాలు పోయాయి. రెండోసారి పిక్కలు. మూడోసారి మోకాళ్ళదాకా రాయి వచ్చింది. ఇంక నా వల్ల కాదురా. సరిగ్గా కట్టెయ్. నువ్వైనా బతుకు."

కుముదకేతుడు లేచి కూర్చున్నాడు. సరిగ్గా కడితే అన్న పోతాడు. ఒరిగేలా కడితే తను పోతాడు, అన్న తొడలదాకా రాయవుతాడు, ఐదో వడ్రంగి వస్తాడు. తిప్పవ్వకు అంతా చెప్పాడు, తన పేరుతో సహా. ఆమె వక్క పక్కకు ఉమ్మింది.

"మూత ఎంత మేర ఉండాదో చప్పుడు చెప్తాది. దాన్ని వదిలేసి, చుట్టూ గట్టి నేల మీద రాళ్ళు దించుదాం. రాళ్ళ మీద దూలాలు, దూలాల మీద కొట్టు. మధ్యలో మట్టికి ఏదీ తగలదు. కొట్టు మేకుల మధ్యనే ఉంటాది, గిన్నెలో నీళ్ళు కదలవు, నీ అన్న నెత్తిన మాత్రం ఈకంత బరువు కూడా పడదు. దూలాల కింద మనిషి పాకేంత ఎడం ఉంటాది గదా, అక్కడినుంచి వాలుగా సొరంగం తవ్వు. పొద్దు గుంకేలోపు ఆ అబ్బిని బయటికి లాగు."

"నీకెందుకవ్వా ఇంత తెగింపు?"

"ఆ ముగ్గురికీ నేలకొట్టింది నేనే నాయనా, గుంజల చోట మట్టుకే. నా నేల వల్లే ఒరిగిందని ఊరంతా అనుకునింది. ఆ మొండేలు సూసేదాకా నేనూ అట్లే అనుకున్నా. మూడు నెల్లుగా నాకు తిండి సయించడంల్యా."

రెండో రోజు రాళ్ళకు వెళ్ళారు. తోటలో రాయి ముట్టుకోకూడదన్నాడు గనక మిగిలింది పాత కోట అగడ్త ఒక్కటే. దాని మెట్లు నల్లరాతివి, ఒక్కొక్కటి మొలెత్తు. అగడ్త నిండా మొసళ్ళు. ఒకడు నడుముకు మోకు కట్టుకుని దిగాలి, మెట్టుకు తాడు బిగించాలి, గట్టున ఉన్నవాళ్ళు లాగాలి. మిగతావాళ్ళు అవతలి గట్టున చచ్చిన మేకను వేలాడదీసి నీళ్ళు చరుస్తూ మొసళ్ళను అటు మళ్ళించాలి. కుముదకేతుడు దిగాడు. ఒకటి, రెండు, ఐదు. ఆరో రాయి దగ్గర, పాచి పట్టిన మొద్దు ఒకటి పక్కన కదిలింది, దానికి కళ్ళున్నాయి. అతను మోకు పట్టుకుని ఎగిరాడు, దవడలు కాలి మడమను రాసుకుని మూతపడ్డాయి. బాడిసతో కొడితే దాని ముక్కు చీలింది. ఏడు, ఎనిమిది. చేతులు కొట్టుకుపోయి అతనిక తాడు ముడి వెయ్యలేకపోతే ఓబులేసు దిగాడు. తొమ్మిది, పది, పదకొండు. పదకొండో రాయి గట్టెక్కుతుండగా నీళ్ళు ఒకసారి తెల్లగా పొంగి ఎర్రగా అణిగాయి. మోకు లాగితే కొస మాత్రమే వచ్చింది.

తిప్పవ్వ గట్టు మీద చతికిలబడి నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయింది. కొడుకు పేరు ఒక్కసారి పిలిచింది. ఎండ నడినెత్తికి వచ్చాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాళ్ళు ఎన్నైనాయి?"

"పదకొండు" అన్నారెవరో.

"పన్నెండు కావల్ల" అంది. పన్నెండోది తీయడానికి కుముదకేతుడే మళ్ళీ దిగాడు.

మూడో రోజంతా తిప్పవ్వ ఎవరినీ కూర్చోనివ్వలేదు. మేకుల వరసన చుట్టూ కందకం తీయించింది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు. అది పోయి ఎర్ర గరుసు తగిలేదాకా ఛాతీలోతు తవ్వించింది. అడుగున ఇటుక ముక్కలూ గులకరాళ్ళూ పరిపించి, నీళ్ళు చల్లించి, జానెడు మందానికి ఒకసారి దిమ్మిస వేయించింది. ఒక పొర చాలదు, ఏడు పొరలు. దిమ్మిస పడినప్పుడు ఎగిరి చేతికి తిరిగి రావాలట, అప్పుడే నేల పండినట్టట. దాని మీద సున్నంలో బెల్లపు నీళ్ళు కలిపి పోసి పన్నెండు రాళ్ళూ దించారు. చీల్చిన వెదురు బద్ద నిండా నీళ్ళు పోసి రాయి నుంచి రాయికి మోపి మట్టం చూసింది. ఏ రాయైనా వడ్లగింజంత ఎక్కువ తక్కువగా ఉంటే ఎత్తించి మళ్ళీ దించింది. కొడుకును మింగిన రాళ్ళని ఆమెకు తెలుసు. ప్రతి రాయినీ దించాక ఒకసారి చేత్తో తాకింది, అంతే.

నాలుగో రోజు మద్ది దూలాలు అడ్డంగా పడ్డాయి, వాటి మీద పలకలు పరిచారు. గోడలకు గుంజలు ఈసారి మొదలు కిందికే పెట్టారు. సాయంత్రం కాకోలుడు వచ్చి వంగి చూశాడు.

"నేల మీద కట్టమంటే గాలిలో కట్టావేమిటి?"

"చెదలు స్వామీ" అన్నాడు కుముదకేతుడు. "చెక్కకు మట్టి తగిలితే ఆర్నెల్లలో పొడైపోతుంది. కింద గాలి ఆడాలి. పందికొక్కులు దూరకుండా చుట్టూ పలకలు కొడతాం."

అరవైనాలుగు విద్యలు తెలిసినవాడికి చెదపురుగు సంగతి తెలియదు. బరువు కింద పడుతుందా లేదా అని అడగాలన్న ఊహ కూడా రాలేదు. కొట్టు నిలబడితే చాలనుకున్నాడు, తల ఆడించి వెళ్ళిపోయాడు. చుట్టూ పలకలు కొట్టాక కుముదకేతుడు కిందికి దూరి, తిప్పవ్వ చెప్పినట్టు రాళ్ళకు ఎడంగా సొరంగం మొదలుపెట్టాడు. తవ్విన మట్టిని కూలీలు తట్టలతో కాలువగట్లకు మోశారు. ఐదో రోజు మధ్యాహ్నం దాటాక పార కొస గోతి గోడను పొడుచుకుని అవతలికి దిగింది. అన్నను తట్టలో కూర్చోబెట్టి, పైన మట్టి కప్పి, ఆఖరి మోపుతో బయటికి దాటించాలన్నది ఏర్పాటు. ఇంతలో పైన గిన్నె మోగింది. కాకోలుడు పొద్దుండగానే వచ్చేశాడు.

కుముదకేతుడు గబగబా పాకి బయటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాకోలుడు గడప లోపల గిన్నె పెట్టి, అంచుదాకా నీళ్ళు పోశాడు. నీళ్ళు అద్దంలా నిలిచాయి. మాంత్రికుడి ముఖం వికసించింది. కూలీల వంక చూసి, "ముందుగా ఎవరైనా లోపల కూర్చోవాలి. నువ్వు రా ముసలీ" అన్నాడు. తిప్పవ్వ వెళ్ళి సరిగ్గా నడిమధ్యన కూర్చుంది. తక్కినవాళ్ళను ప్రహరీ బయటికి తరిమేశాడు.

"స్వామీ, మనిషి కూర్చున్నాక దూలాల కింద చీలలు ఒకసారి బిగించాలి. లేకపోతే ఒరుగుతుంది" అన్నాడు కుముదకేతుడు. ఒరుగుతుందన్న మాటకు కాకోలుడు కంగారుపడి, త్వరగా కానివ్వమన్నాడు.

సొరంగంలోంచి గోతిలోకి జారేసరికి మూతలోకి దించిన వెదురు బొంగులోంచి పడిన వెలుగులో అన్న కనిపించాడు. చేతులు పైకెత్తి, మెడ వంచి, ఎముకల గూడై నిలబడి ఉన్నాడు. కుముదకేతుడు తల పైకెత్తి, బొంగులోంచి పలకల సందుకు వినబడేలా గొణిగాడు. "అవ్వా, లాగితే మూత కూలుతుంది. నీ కింద అంతా గొయ్యవుతుంది. ఏదో చెప్పి బయటికి పో."

"కట్టింది నేనే, కూర్చుందీ నేనే" అంది తిప్పవ్వ పైనుంచి. "లాగు."

"ఏమిటా గొణుగుడు?" అన్నాడు కాకోలుడు.

"మోకాళ్ళు స్వామీ. ఒకటే లాగుడు."

కుముదకేతుడు అన్న నడుము చుట్టూ చేతులు వేశాడు. కాళ్ళు కదల్లేదు. మోకాళ్ళ దగ్గర మాంసం ఆగి రాయి మొదలైంది. జయంధరుడు తమ్ముడి ముఖం చూసి, "దాన్ని ఇక్కడే వదిలెయ్. నొప్పి ఎప్పుడో పోయింది" అన్నాడు. కుముదకేతుడు బాడిస మడమతో రెండు దెబ్బలు వేశాడు. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. అన్నను పట్టుకుని వెనక్కి పడ్డాడు, సొరంగం నోట్లోకి దొర్లాడు. ఆ మరుక్షణం మూత కూలింది.

ఎనిమిది నెలలుగా ఒక మనిషి చేతుల మీద ఆగిన మట్టి అంతా ఒక్కసారి దిగింది. పైన దూలాలు మూలిగాయి. రాళ్ళు మాత్రం కదల్లేదు. కింద అంత గొయ్యి నోరు తెరిచినా కొట్టు పన్నెండు రాళ్ళ మీద నిలబడిపోయింది. గిన్నెలో చుక్క ఒలకలేదు.

అదే కొంప ముంచింది. నేలంతా దద్దరిల్లి, పలకల చుట్టూ దుమ్ము లేస్తుంటే, గిన్నెలో నీళ్ళు మాత్రం నిశ్చలంగా ఉన్నాయి. కాకోలుడు ఆ నీళ్ళను చూశాడు, దుమ్మును చూశాడు, బరువు మూత మీద ఏనాడూ లేదని అప్పుడు గ్రహించాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. తిప్పవ్వ నడినెత్తిన అరచెయ్యి ఆనించాడు.

"ఆ వడ్రంగివాణ్ణి పిలువు. పిలిస్తే ఆపుతాను" అన్నాడు మెత్తగా, మనిషిని రాయి చేసే మంత్రం ఎత్తుకుంటూ.

కింద సొరంగం సగం పూడిపోయింది. ఒక్క మనిషి పాకి పైకి పోగలడు గానీ ఇంకొకరిని ఈడ్చుకుపోవడానికి సందు లేదు. కూలిన మట్టి దెబ్బకు గోతి గోడ ఒకటి చీలి, తోటకాలువ నీళ్ళు లోపలికి దూకుతున్నాయి. జయంధరుడు లేని కాళ్ళతో గోడకు చేరబడి ఉన్నాడు. కుముదకేతుడు రెండు చేతులతో పూడిన మట్టిని తోడుతున్నాడు. ఇంకొక్క గడియ తవ్వితే అన్నను బయట వెయ్యగలడు.

పైనుంచి తిప్పవ్వ గొంతు వినబడింది. మాంత్రికుడితో అంటున్నట్టే ఉంది గానీ ఆ మాటలు అతని కోసమని అతనికి తెలుసు.

"పాదాలు చల్లబడినాయి స్వామీ. కానియ్యి. నాకు ముగ్గురు కొడుకులు, ముగ్గురూ పోయినారు. ఇంక పిలిస్తే వచ్చేవాడు ఎవుడూ లేడు. పోయినోడు ఎనక్కి తిరిగి రాగూడదు."

కుముదకేతుడి చేతులు ఆగిపోయాయి.

"ఎవరామె?" అన్నాడు జయంధరుడు.

"నీ మీద బరువు పడకుండా చేసిన మనిషి. ఆ రాళ్ళకు కొడుకును ఇచ్చింది."

"ముగ్గురు నా కోసం తలలిచ్చారు కేతూ. ఆమె కొడుకుతో నలుగురు. ఐదో మనిషి చావు నేను వింటూ కూర్చోలేను." జయంధరుడు నేల మీద తడిమి బాడిస వెతికి తమ్ముడి చేతిలో పెట్టాడు. "వెళ్ళు. నీళ్ళు మెడదాకా రావడానికి ఇంకా వ్యవధి ఉంది."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కుముదకేతుడు అన్న నుదుటికి నుదురు ఒక్కసారి ఆనించి, బాడిస పళ్ళ మధ్య కరుచుకుని, పూడిన సొరంగంలోకి దూరి పైకి పాకాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అప్పటికే నీళ్ళు జయంధరుడి నడుముకు వచ్చాయి.